భూతద్దం రాజం కన్ను పండిన వైనం

వెంకటరాజానికి రెండు పేర్లు. రేషన్ కార్డులో ఉన్నది ఒకటి, జనం నోట్లో ఉన్నది ఇంకొకటి. ఆ రెండోది భూతద్దం రాజం. ఊరికే వచ్చిన పేరు కాదది. పాతికేళ్ల వయసులో ఒకరింటికి పోయి, గడప దగ్గర నిలబడే, లోపల మగ్గం మీదున్న చీరను చూసి "మూడో ఏనుగు తొండంల ఒక పోగు జారింది సూడున్రి" అన్నాడట. వంగి వెతికితే నిజంగానే జారి ఉందట. ఆ మగ్గం ఎవరిదో, ఆ చీర ఎవరు కట్టారో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. కానీ ఆ ఒక్క పోగును పట్టుకుని వెంకటరాజం నలభై ఏళ్లు పెద్దమనిషిగా బతికాడు.

భువనగిరికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో సగం ఇళ్లలో మగ్గాలే. అక్కడి చీరల లెక్క వేరు. పట్టు పోగులను ముందే కొలిచి, గట్టిగా ముడులు కట్టి, రంగులో ముంచుతారు. ముడి ఉన్నచోట రంగు ఎక్కదు. తర్వాత మగ్గం మీద నేస్తుంటే ఏనుగులూ చిలుకలూ ఒకదాని వెనక ఒకటి తేలుతాయి. ఒక్క ముడి అటూ ఇటూ అయిందంటే చిలుకకు ముక్కు రావాల్సిన చోట తోక వస్తుంది. అందుకే నేతగాళ్ల సొసైటీలో చీర తీసుకునే ముందు దాన్ని పరీక్షించే మనిషి ఒకరుండాలి. ఆ కుర్చీలో వెంకటరాజం ఇరవై ఏళ్లుగా కూర్చున్నాడు. శనివారం పొద్దున పదింటికి చీరలొస్తాయి. ఆయన "ఫస్టు" అంటే ఫస్టు, "సెకండు" అంటే సెకండు. సెకండు పడ్డ చీర పెద్ద దుకాణాలకు పోదు, నేసినవాడు ఆ వారమంతా ఎవరికీ ముఖం చూపించడు.

కొత్త రాష్ట్రం వచ్చింది. రెండేళ్లకు కొత్త జిల్లా వచ్చింది. ఆ వెనకే వెంకటరాజం కళ్లలోకి పొర కూడా వచ్చింది. మొదటి రెండింటికీ ఊళ్లో డప్పులు కొట్టి మిఠాయిలు పంచారు. మూడోదాని సంగతి ఆయన భార్య మల్లమ్మకు కూడా చెప్పలేదు.

మొదట్లో బల్బు చుట్టూ రంగుల చక్రం కనిపించేది. తర్వాత ఎదురొచ్చే బండి లైటు పగిలిన అద్దంలా చీలిపోయేది. ఆ తర్వాత ప్రపంచం మీద ఎవరో పల్చటి గంజి పోసినట్టయింది. చెప్పుకోవడానికి ఒక్కడే మనిషి దొరికాడు, పక్కింటి లచ్చయ్య. ఎందుకంటే లచ్చయ్యకు కూడా అదే జబ్బు.

"ఫికర్ చెయ్యకు రాజం," అన్నాడు లచ్చయ్య. "అది పొర. ఇప్పుడది పచ్చిగున్నది. పండాలె. పండినంక కోస్తే ఉల్లిపొట్టు లెక్క ఊడొస్తది. మా బాపుకు గట్లనే, రెండేండ్లు ఆగి కోపిచ్చినం. సచ్చేదాక పేపరు సదివిండు."

లచ్చయ్య వాళ్ల బాపు కన్ను కోయించింది ఎప్పుడో ముప్పై ఐదేళ్ల కింద. ఆ రోజుల్లో డాక్టర్లు కూడా ముదరనిమ్మనే చెప్పేవాళ్లు. తర్వాత మిషన్లు మారాయి, సూదులు మారాయి, పద్ధతి మొత్తం తలకిందులయింది. కానీ ఆ మార్పు లచ్చయ్య అరుగు దాకా రాలేదు. ఇద్దరూ కలిసి చెరో రెండు కళ్లూ మాగబెట్టడం మొదలుపెట్టారు.

నల్లగొండలో మందుల దుకాణంలో పనిచేసే కొడుకు ప్రమోద్ ఫోన్ చేసి "నాయినా, ఓసారి కండ్లు సూపిచ్చుకోరాదే" అంటే, వెంకటరాజం దగ్గర సిద్ధంగా ఒక జవాబు ఉండేది. "నా కండ్లకేమైంది? భువనగిరి గుట్ట కనవడ్తాంది!"

అదీ ఆయన కంటి పరీక్ష. డాబా ఎక్కితే భువనగిరి కోట గుట్ట కనిపిస్తుంది. ఏనుగు కూర్చున్నంత ఠీవిగా, ఒకే ఒక్క బండ. అది కనిపించకపోతే మనిషికి కళ్లు లేవనే అర్థం, కనిపించినంత మాత్రాన ఉన్నాయని కాదు. ఈ రెండో సగం వెంకటరాజం ఆలోచించలేదు. రోజూ పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని ఈయన ఈ డాబా మీద, లచ్చయ్య ఆ డాబా మీద.

"ఏం లచ్చన్నా, గుట్ట?"

"కనవడ్తాంది. నీకో?"

"కోట గోడ సుత కనవడ్తాంది."

"గోడ మీద బురుజు కనవడ్తాందా మరి?"

"బురుజు ఎందుకు కనవడదు!"

విచిత్రం ఏమిటంటే, చూపు తగ్గేకొద్దీ గుట్ట మీద వివరాలు పెరిగాయి. ఒక ఏడాది బురుజు కనిపించింది. మరుసటి ఏడాది మెట్లెక్కుతున్న మనుషులు కనిపించారు. ఇంకో ఏడాదికి లచ్చయ్యకు ఒక మేక కనిపిస్తే, వెంకటరాజానికి అది నల్లమేక అని కూడా తెలిసిపోయింది. అదే డాబా మీద మిరపకాయలు ఎండబోస్తూ మల్లమ్మ ఇవన్నీ వినేది. ఏమీ అనేది కాదు.

సర్కారు వాళ్లు ఊరూరికీ తిరిగి కళ్లు పరీక్షించిన ఏడాది, బడిలో క్యాంపు పెట్టారు. పోకపోతే జనం అనుమానిస్తారు. పోతే గుట్టు బయటపడుతుంది. వెంకటరాజం బాగా ఆలోచించి, కావాలనే వరుసలో ఇరవయ్యో మనిషిగా నిలబడ్డాడు. ముందున్న పంతొమ్మిది మంది గోడమీది అక్షరాలను ఒకరి తర్వాత ఒకరు గట్టిగా చదివారు. ముడుల లెక్క తలలో పెట్టుకుని ఆరు గజాల చీర నేసినవాడికి ఆరు వరుసల అక్షరాలు ఒక లెక్కా? తన వంతు వచ్చేసరికి మొత్తం కంఠస్థం.

కుర్చీలో కూర్చున్నాడు. ఒక కన్ను మూసి, గుక్క తిప్పుకోకుండా చివరి వరుస దాకా అప్పజెప్పాడు. వెనక జనం "అబ్బ, భూతద్దం ఉట్టిగన్నరా!" అన్నారు.

పరీక్ష చేస్తున్న శ్రీవాణి అనే అమ్మాయి మాత్రం నవ్వాపుకుంటోంది. "తాతా, మంచిగ సదివినవ్. కానీ నీకంటె ముందామె లేసిపోంగనె నేను చార్టు మార్చిన. దీంట్ల అక్షరాలు లేవు, అన్ని బొమ్మలే."

తర్వాత టార్చి వేసి చూసింది. నవ్వు ఆగిపోయింది. "రెండు కండ్లల్ల శుక్లం ఉంది తాతా. ఆపరేషన్‌కు రాస్తున్న. పైసలేం పెట్టేది లేదు, బస్సుల తీస్కపోయి తీస్కొస్తరు. ఆలస్యం చెయ్యకు."

"ఇంకా పండలేదు బిడ్డా," అన్నాడు వెంకటరాజం, తెలియని పిల్లకు తెలియజెప్పేవాడిలా. ఆ చీటీని మడిచి ట్రంకుపెట్టెలో అడుగున పెట్టాడు. అడుగున పెట్టిన కాగితం ఎంత విలువైనదైతే అంత భద్రంగా మర్చిపోవచ్చు.

సొసైటీలో మాత్రం బండి నడుస్తూనే ఉంది. పోగు తెగిందా, నేత వదులైందా, అంచు ముడుచుకుందా అన్నది ఆయన వేళ్లకు తెలుస్తుంది. రంగు, బొమ్మ వేళ్లకు తెలియవు. ఆ సగం పని మల్లమ్మ చేసేది. సొసైటీ వరండాలోనే ఆమె కండెలు చుడుతూ కూర్చుంటుంది. ఒక శనివారం ఆయన "ఫస్టు" అనబోతుంటే ఆమె దగ్గింది. ఆయన ఆగాడు. మళ్లీ తడిమినట్టు నటించి "సెకండు" అన్నాడు. చూస్తే కొంగులో చిలుక బోర్లా పడి ఉంది. అప్పటినుంచీ ఒక్క దగ్గు అంటే అంచు, రెండు అంటే కొంగు, మూడు అంటే నడుమ. దీని గురించి మొగుడూ పెళ్లాల మధ్య ఏ రోజూ ఒక్క మాట జరగలేదు. నలభై ఏళ్లు కాపురం చేసినవాళ్లకు మాటలెందుకు, గొంతు సవరించుకుంటే చాలు.

అయితే ఒక వర్షాకాలం మల్లమ్మకు నిజంగానే జలుబు చేసింది.

ఆ శనివారం పద్నాలుగు చీరలొచ్చాయి. మల్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఊపిరి బిగబట్టింది, ఏం చేసినా ఆగలేదు. పద్నాలుగూ సెకండే. కొన్నింటికి అంచు, కొంగు, నడుమ మూడూ పోయాయి. చివరి చీర ఎల్లేశానిది. ముప్పై ఏళ్లవాడు, రెండు నెలలు మగ్గం మీదే తిని మగ్గం మీదే పడుకుని నేశాడు.

"మామా, యాడున్నది తప్పు? ఏలు పెట్టి సూపియ్యి!"

వెంకటరాజం ఏమాత్రం తడబడకుండా ఒకచోట వేలు పెట్టాడు. "గిదేంది మరి?"

ఎల్లేశం వంగి చూశాడు. పక్కవాడు వంగి చూశాడు. సొసైటీ అధ్యక్షుడు కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకుని మరీ చూశాడు. పావుగంట తర్వాత ఆయన తల పంకించి, "ఉన్నది. జర సన్నగున్నది, మనసొంటోళ్ల కండ్లకు ఆనదు" అని తీర్పు ఇచ్చాడు. దాంతో మిగతా పదమూడు మంది కూడా తమ తమ చీరల్లో తప్పులు వెతికి, పాపం, దొరకబుచ్చుకున్నారు. ఆ రోజు నుంచి వెంకటరాజం పేరు పక్క ఊళ్లకు కూడా పాకింది. ఎల్లేశం ఒక్కడే తన చీరను ఎండలో పరిచి, గంటసేపు చూసి, ఏమీ దొరక్క, మల్లమ్మ వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

ఆ రోజుల్లోనే ఊరి బయట రోడ్డు పక్కన ఏదో కట్టడం మొదలైంది. పొద్దస్తమానం మిక్సర్ చప్పుడు, కంకర లారీలు. వెంకటరాజానికి అది మంచి సాకు దొరికింది. "ఆ దుమ్ముకే నా కండ్లు జర మసకైతున్నయ్," అనేవాడు. కట్టడం అయిపోయింది, లారీలు పోయాయి, దుమ్ము మాత్రం ఆయన కళ్లలో ఉండిపోయింది.

రెండేళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నవాడు ఎడమ కన్ను పట్టుకుని కేక పెట్టాడు. ఎవరో కణతలోంచి పలుగు దింపినట్టు నొప్పి. కన్ను మంకెనపువ్వయింది. తిన్నదంతా వాంతి.

లచ్చయ్య పరుగున వచ్చి, దగ్గరగా వంగి చూసినట్టు చూసి, మొహం వికసించి, "రాజం! పండిందిరో!" అన్నాడు. "పండేటప్పుడు గట్లనే సలుపుతది. రెండు దినాలు ఆగు, మొత్తం మెత్తవడనియ్యి."

రెండు రోజులు ఆగారు. మూడో రోజు ప్రమోద్ వచ్చి తిట్టి, ఆటోలో వేసుకుని, నల్లగొండలో ఒక కంటి దవాఖానకు తీసుకుపోయాడు.

డాక్టర్ పేరు స్నిగ్ధ. చిన్న వయసు, నెమ్మదైన గొంతు. కంట్లో ఒత్తిడి కొలిచి, మందులెక్కించి దించి, ఆ శుక్లం తీసేసింది. నొప్పి పోయింది. చూపు రాలేదు.

"నొప్పి మొదలైన ఎన్నాళ్లకు వచ్చారు?" అని అడిగింది.

"మూడో దినం. పండుతాందని ఆగినం."

"తాతా, కంట్లో ఉండేది మామిడికాయ కాదు. ముదిరి ముదిరి, లోపలిది కారి, నీళ్లు పోయే దారి మూసుకుంది. ఒత్తిడికి వెనకున్న నరం చచ్చిపోయింది. పొర తీయగలిగాను గానీ చచ్చిన నరాన్ని లేపలేను. ఇంక ఉన్నది ఒక్క కుడి కన్ను. అది కూడా గోధుమరంగుకు తిరిగి రాయిలా ఉంది. తొందరగా రండి."

వెంకటరాజం ఇంటికొచ్చాడు. మంచం చుట్టూ జనం. ఏమైందంటే ఏం చెప్పాలి? పండే దాకా ఆగి పోగొట్టుకున్నానంటే, ఆగినన్నాళ్లూ కనిపించలేదని ఒప్పుకున్నట్టు. కనిపించలేదంటే సొసైటీలో ఆ చీరలన్నీ ఏమిటి? ఒక్క క్షణం ఆలోచించి అన్నాడు.

"మంచిగున్న కన్ను. ఆపరేషన్ చేసి పోగొట్టిండ్రు."

ఆ ఒక్క మాట వారంలో ఊరంతా తిరిగింది. ఆపరేషన్‌కు పేరు రాయించుకున్న ముగ్గురు ముసలివాళ్లు పేర్లు కొట్టేయించుకున్నారు. లచ్చయ్య అయితే ఇంట్లో వాళ్లకు తేల్చి చెప్పాడు, "రాజం అసొంటోని కన్నే దక్కలే. నన్ను ముట్టుకుంటె మంచిగుండదు." పొద్దున్నే డాబాల మీద గుట్ట వ్యవహారం మళ్లీ మొదలైంది. ఈసారి ఒక్క కన్నుతో. మేక పక్కన ఇప్పుడు పిల్లలు కూడా ఉన్నాయి.

మల్లమ్మకు మొదటిసారి కోపం వచ్చింది. అరవలేదు, ఏడవలేదు. శుక్రవారం సాయంత్రం అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుని, "రేపటి సంది నేను దగ్గ," అంది.

వెంకటరాజం చేయి ముద్ద దగ్గరే ఆగింది. ఇన్నేళ్లలో ఆ మాట బయటికి రావడం ఇదే.

"ఏం దగ్గు?" అన్నాడు, తెలియనట్టు.

"నీకు తెలుసు. నీ కన్ను నువ్వే పోగొట్టుకుని ఆ డాక్టరమ్మ మీదికి నూకినవ్. నీ మాటకు ముగ్గురు ఇంట్ల కూసున్నరు. నా గొంతు ఇగ అరగదీసుకోను. ఆపరేషన్‌కు ఒస్తవా, చెప్పు. లేకుంటె రేపు నీ చీరలు నువ్వే సూసుకో."

"సూసుకుంట తియ్," అన్నాడు.

శనివారం వచ్చింది. వరండాలో కండెలు చుట్టే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మొదటి చీర ఫస్టు. రెండోది ఫస్టు. ఏడు చీరలు వరసగా ఫస్టు అయ్యేసరికి నేతగాళ్లకే భయం వేసింది. అప్పుడు ఎల్లేశం తన చీర తెచ్చి బల్ల మీద పరిచాడు.

వెంకటరాజం వేళ్లు పారించాడు. నేత నీళ్లలా ఉంది. పోగు తెగలేదు, అంచు ముడవలేదు. ఎర్రటి మసక ఒకటి కంటికి తగిలింది. ఎల్లేశం ఎప్పుడూ నేసేది ఏనుగులే.

"మస్తు నేసినవ్ ఎల్లేశం. ఏనుగులు నడుస్తున్నట్టే ఉన్నయి. తొండాలు సుత సాపుగొచ్చినయ్. ఫస్టు!"

చుట్టూ ఉన్నవాళ్లు బల్ల మీదికి వంగి చూశారు.

"ఎన్నున్నయ్ మామా ఏనుగులు?" అన్నాడు ఎల్లేశం.

"వరసకు పన్నెండు."

"అది ఒట్టి ఎర్ర చీర మామా. ఒక్క ఏనుగు లేదు, ఒక్క చీమ లేదు. నా పెండ్లానికి ఉగాదికని సాదాగ నేసిన."

ముందు ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు. తర్వాత వరండా మొత్తం నవ్వులతో పగిలింది. గతంలో సెకండు పడ్డవాళ్లందరూ ఒకేసారి లేచారు. "మరి ఆ దినం నా చీరల ఏం కనవడ్డదే?" అని ఒకడు, "నా కొంగుల తప్పుందంటివి గద కాకా!" అని ఇంకొకడు. అధ్యక్షుడు ఆనాడు తను కళ్లజోడు తుడుచుకుని మరీ చూసిన తప్పు గుర్తొచ్చి, పనుందని లోపలికి పోయాడు.

వెంకటరాజం మల్లమ్మ ఉన్న దిక్కుకు మొహం తిప్పాడు. కండెల చప్పుడు ఆగింది. ఆమె వచ్చి చేయి పట్టుకుంది.

"పోదమా?"

"పోదం," అన్నాడు. "నల్లగొండకే పోదం. ఇంటికి వద్దు."

డాక్టర్ స్నిగ్ధ ఆ కుడి కంటిని టార్చితో చూసింది, మిషన్‌తో చూసింది, చివరికి రెప్ప మీద జిగురులాంటిది పూసి ఇంకో పరికరం ఆనించింది. "శుక్లం ఇంత గట్టిగా ఉంటే వెనక ఏముందో మాకూ కనబడదు తాతా. అందుకే ఈ స్కాన్. లోపలి తెర అతుక్కునే ఉంది, అది మంచి మాట. లైటు ఏ దిక్కు నుంచి వేసినా చెప్పగలుగుతున్నారు, అదీ మంచి మాట."

"అయితే గ్యారంటీనా?" అన్నాడు వెంకటరాజం.

"లేదు. లేత శుక్లమైతే చిన్న రంధ్రంలోంచి కరిగించి లాగేస్తాం, మర్నాడు మీరు పేపరు చదువుకుంటారు. మీది రాయి. పెద్ద కోత పెట్టి మొత్తంగా బయటికి తీయాలి. దాన్ని పట్టి ఉంచే సంచీ పల్చబడి ఉంటుంది, చినగొచ్చు. చినిగితే లెన్సు పెట్టడం కష్టం. పైన నల్లగుడ్డు మీది అద్దం వాయొచ్చు, అది తగ్గడానికి రోజులు పడుతుంది. అరుదుగా చీము పడుతుంది. ఎక్కువమందికి ఇంత ముదిరినా మంచి చూపే వస్తుంది. కానీ మీకున్నది ఒక్క కన్ను. అందుకే అన్నీ చెప్పి చేస్తాను."

"మా సొసైటీల చీరకు గ్యారంటీ ఇస్తమమ్మా," అన్నాడు వెంకటరాజం, భయాన్ని బేరంతో కప్పుకుంటూ.

"ఏ చీరకు? ఏనుగులు లేని దానికా?" అంది మల్లమ్మ పక్కనుంచి. "మూసుకుని ఏలుముద్ర ఎయ్యి."

"నేను సంతకం పెడ్త!" అన్నాడు రోషంగా. పెట్టాడు. కాగితం మీద సగం, బల్ల మీద సగం.

ఆపరేషన్ గదిలో కంటి పక్కన సూది ఇచ్చారు. పక్క బల్ల మీద ఒకాయన వచ్చాడు, పోయాడు. ఇంకొకామె వచ్చింది, పోయింది. వెంకటరాజం బల్ల మీదే ఉన్నాడు. కత్తెర చిన్నగా పళ్లెంలో పెట్టిన చప్పుడు. "నిదానం, సంచీ కదులుతోంది," అని డాక్టరమ్మ ఎవరితోనో అన్నది వినిపించింది. ఆయన నలభై ఏళ్లుగా చాలా మంది మగ్గాల పక్కన నిలబడి "నిదానం, పోగు తెగుతది" అన్నాడు. తనే మగ్గం మీద పోగై పడుకోవడం ఇదే మొదలు. చూపు తెగితే ముడి వేయడానికి ఇంకో కొస లేదు.

"అయిపోయింది తాతా," అందామె చాలాసేపటికి. "లెన్సు కూర్చుంది."

మర్నాడు కట్టు విప్పారు. తెల్లటి పాలలోంచి చూసినట్టుంది. వేళ్లెన్ని అంటే చెప్పలేకపోయాడు. "అద్దం వాచింది. నేను అనుకున్నదే. చుక్కలు వేయండి, దుమ్ములోకి పోవద్దు, కన్ను నలపొద్దు, తల మీద నీళ్లు పోసుకోవద్దు. రెండు వారాలు ఓపిక పట్టండి," అంది డాక్టర్.

ఎనిమిదేళ్లు ఓపికగా మాగబెట్టినవాడికి ఈ రెండు వారాలు గడవలేదు. ఊళ్లో మాట అప్పుడే పుట్టింది, "భూతద్దం రెండోది సుత పాయె." దాన్ని పుట్టించిన పాపం తనదే. ఎవరిని తిడతాడు? మల్లమ్మ గంట గంటకూ చుక్కలు వేసింది. ఆమె బొటనవేలి వాసన తప్ప ఆయనకు లోకం తెలియలేదు. ఒకరోజు "ఏమన్న కనవడ్తాందా?" అని అడిగితే, అలవాటుగా "ఆఁ" అన్నాడు. కాసేపాగి, "లేదు," అన్నాడు. అబద్ధం చెప్పకుండా ఉండటం కూడా అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాడు.

పదమూడో రోజు పొద్దున పాలు పల్చబడ్డాయి. మంచం కోడు కనిపించింది. దండెం మీద మల్లమ్మ చీర కనిపించింది, దాని నీలం రంగు గుండె ఝల్లుమనేంత నీలంగా ఉంది. ఇన్నేళ్లూ దాన్ని నల్లదనుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా, నల్లద్దాలు పెట్టుకుని, గోడ పట్టుకుంటూ డాబా ఎక్కాడు. అసలు పరీక్ష పైనే ఉంది. రోజూ నిలబడే చోటే నిలబడి, అద్దాలు తీసి, భువనగిరి దిక్కు చూశాడు.

గుట్ట లేదు.

గుట్ట ఉండాల్సిన చోట పెద్ద గులాబిరంగు మచ్చ. కన్ను మూసి తెరిచాడు. మచ్చ అక్కడే ఉంది. పిట్టగోడ పట్టుకుని కూలబడ్డాడు.

"మల్లీ! ఓ మల్లీ! కన్ను పాయెనే! గుట్ట కనవడ్తలేదు!"

మల్లమ్మ మెట్లెక్కి పరుగున వచ్చింది. "ఏం కనవడ్తాంది మరి?"

"గులాబి రంగు పొర. గుట్టనంత కమ్మేసింది."

ఆమె ఆ దిక్కు చూసింది. ఆయన మొహం చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గు కాదు, నవ్వు.

"పొరల ఏమన్న రాసున్నదా సూడు."

ఆయన పిట్టగోడ మీదికి వంగాడు. మచ్చకు అంచులొచ్చాయి. అంచులకు కిటికీలొచ్చాయి. నాలుగు అంతస్తులొచ్చాయి. పైన తాటికాయంత అక్షరాలు. ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివాడు. "నాగరాణి... ఫంక్షన్... హాల్. పెండ్లిండ్లకు... కిరాయికి... ఇవ్వబడును."

"మూడేండ్లాయె కట్టి," అంది మల్లమ్మ. "గుట్ట దాని ఎన్క ఉన్నది."

మూడేళ్లు. రోజూ పొద్దున. మేక, మేకపిల్లలు.

"మరి నేను రోజు కనవడ్తాందంటుంటె నువ్వెందుకు అనలేదే?"

"నువ్వు సూసిన గుట్టను నేనెట్ల లేదంట? అప్పటికే నీకు కనవడ్తలేదని నాకు తెలుసు, అందుకే గద దగ్గుడు. నువ్వే నోరిడిసి చెప్తవనుకున్న. గంత దాక ఆగినందుకు నాదీ తప్పే."

ఇంతలో పక్క డాబా మీద వేపపుల్ల నములుతున్న చప్పుడు. లచ్చయ్య.

"ఏం రాజం, లేసినవా? గుట్ట కనవడ్తాందా?"

వెంకటరాజం మల్లమ్మ వైపు చూశాడు. ఫంక్షన్ హాల్ వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"కనవడ్తలేదు లచ్చన్నా."

"అయ్యయ్యో! రెండోది సుత పాయెనా! నేను చెప్తనే ఉంటి, ముట్టనియ్యకని. నాకు సూడు, మంచిగ కనవడ్తాంది. బురుజు, మెట్లు అన్ని!"

"లచ్చన్నా, నా కన్ను వచ్చింది. అందుకే గుట్ట కనవడ్తలేదు."

వేపపుల్ల చప్పుడు ఆగింది.

"తొలి కన్ను ఆపరేషన్‌తోని పోలేదు," అన్నాడు వెంకటరాజం. గొంతు కింద వాకిట్లో ఉన్నవాళ్లకు కూడా వినిపించేంత పెద్దగా ఉంది. "పండాలని ఆగినందుకు పాయె. సిగ్గుకు అబద్ధమాడిన. నువ్వు ఆడనే ఉండు, కదలకు. అంగీ తొడుక్కుని ఒస్తున్న. పది గంటల బస్సుకు నల్లగొండ పోదం. గుట్ట ముంగట ఏమున్నదో డాక్టరమ్మ చెప్తది."

"నేను రాను!"

"ఎల్లేశాన్ని పిలుస్త, ఎత్తుకొస్తడు."

మెట్ల వైపు తిరిగి మళ్లీ ఆగాడు. ఫంక్షన్ హాల్ వైపు ఒంటి కన్ను చికిలించి, పరీక్షగా చూశాడు.

"మల్లీ, ఆ మూడో అంతస్తు కిటికీలు ఒక వరసల లెవ్వు గద? ఎడమ పక్కది జర కిందికి జారింది?"

మల్లమ్మ ఆ దిక్కు చూసి, ఒక్కసారి దగ్గింది.

"సెకండు," అని మెట్లు దిగాడు భూతద్దం రాజం.